పోటీ చట్టం కేసులు చదవడం: 4వ పాఠం – పెరిగిన రేటు చివరికి ఎవరి మీద పడింది?

కంపెనీలు కుమ్మక్కై రేటు పెంచితే, ఆ నష్టాన్ని కోర్టులో ఎవరు రాబట్టుకోగలరు? ఈ లెక్క చేతితో వేస్తేనే పట్టుబడుతుంది. కాగితం, పెన్ను తీసుకోండి.

మన కేసు అమెరికాలోది. కాంక్రీట్ బ్లాకుల తయారీదారులు కూడబలుక్కుని రేట్లు పెంచారని ఇల్లినాయ్ రాష్ట్రం, 700 స్థానిక ప్రభుత్వ సంస్థలు దావా వేశాయి. భవనాలకు 30 లక్షల డాలర్లకు పైగా ఎక్కువ కట్టామన్నాయి. చిక్కేమిటంటే, బ్లాకులు నేరుగా కొన్నది తాపీ కాంట్రాక్టర్లు. వాళ్ల రేటును కలుపుకుని ప్రధాన కాంట్రాక్టర్లు టెండర్లు వేశారు. ప్రభుత్వం ఆ తర్వాతి కొనుగోలుదారు.

ముందుగా ఈ వరుసను కాగితం మీద రాయండి: తయారీదారు, తాపీ కాంట్రాక్టరు, ప్రధాన కాంట్రాక్టరు, ప్రభుత్వం. ఇప్పుడు ఊహా అంకెలు వేద్దాం. కుమ్మక్కు లేకుంటే బ్లాకు 30, ఉన్నందుకు 40. అదనపు భారం 10. అందులో తాపీ కాంట్రాక్టరు 4 తానే భరించి, 6 పైకి నెట్టాడు. ప్రధాన కాంట్రాక్టరు ఆ 6 మొత్తం ప్రభుత్వం బిల్లులో కలిపేశాడు.

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం తాపీ కాంట్రాక్టరుకు 10కి మూడింతలు, అంటే 30, పైగా లాయరు ఫీజు. ప్రభుత్వానికి సున్నా. “నువ్వు భారాన్ని నీ కస్టమర్ల మీద వేశావుగా” అని ప్రతివాది కంపెనీ చేసే వాదన చెల్లదని సుప్రీంకోర్టు 1968లో హానోవర్ షూ కేసులో చెప్పింది. అదే తర్కంతో 1977లో, పరోక్షంగా కొన్నవాళ్లకు దావా హక్కు లేదని ఈ బ్లాకుల కేసులో తేల్చింది. ఎవరు ఎంత భరించారో విడదీయడం కోర్టులకు తలకు మించిన పని అవుతుందని, ఒకే నష్టానికి రెండుసార్లు కట్టించినట్టవుతుందని కోర్టు భయం. ఆ భయం అర్థమవుతుంది. కానీ జేబు నిజంగా చిల్లుపడ్డవాడిని గుమ్మం బయట నిలబెట్టడం నాకు న్యాయంగా తోచదు. కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాలు తమ సొంత చట్టాల్లో పరోక్షంగా కొన్నవాళ్లకు తలుపు తెరిచాయి. అది తప్పు కాదని సుప్రీంకోర్టే 1989లో ఒప్పుకుంది.

యూరోపియన్ యూనియన్‌లో 2014 ఆదేశం లెక్కను తిప్పేసింది. తాపీ కాంట్రాక్టరుకు 4, ప్రభుత్వానికి 6, వడ్డీ అదనం, మూడింతలు లేవు. రేటు పెరిగి అతని వ్యాపారం తగ్గి ఉంటే, పోయిన లాభం కూడా అడగొచ్చు. తాపీ కాంట్రాక్టరు వేసిన దావాలో, అతను భారం పైకి నెట్టాడని నిరూపించాల్సింది ప్రతివాది కంపెనీయే.

మన దేశంలో మామూలు సివిల్ కోర్టుకు వెళ్లే దారి లేదు. ముందు కాంపిటిషన్ కమిషన్ గానీ, అప్పిలేట్ ట్రిబ్యునల్ గానీ తప్పు జరిగిందని తేల్చాలి. ఆ తర్వాత 53ఎన్ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌లో పరిహారం అడగాలి. పడిన నష్టాన్ని చూపించాలి, మూడింతలు ఇక్కడా లేవు.

అభ్యాసం: సిమెంటు బస్తా మీద అదనపు భారం 50 రూపాయలు. డీలరు 10 భరించాడు, బిల్డరు 15 భరించాడు, మిగతాది ఫ్లాట్ కొన్నవాళ్ల మీద పడింది. అమెరికా ఫెడరల్, యూరప్ పద్ధతుల్లో ఎవరికెంతో రాయండి. “కుమ్మక్కు లేకుంటే 30” అనే అంకెను ఎలా రాబడతారో 5వ పాఠంలో చూద్దాం.