సీజన్ మొదలయ్యేలోపే ట్యాలీలో ఎవరి లాగిన్ వాళ్లకి

తోతాపురి మామిడి కాయ దిగడం మొదలైతే చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల్లో రాత్రీ పగలూ తేడా ఉండదు. మేం కూడా సీజన్‌కి ముగ్గురు కుర్రాళ్లని బిల్లింగ్‌కి పెట్టుకుంటాం. రెండేళ్ల కిందటి దాకా మా లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీలో అందరికీ ఒకటే లాగిన్, పాస్‌వర్డేమో మానిటర్‌కి అంటించిన చీటీ మీద. ఒకరోజు ఒక రైతు కాటా చీటీ పట్టుకుని వచ్చి "నాది 4,320 కిలోలు కదా, మీ బిల్లులో 3,420 ఏంది సార్?" అన్నాడు. తప్పు కొట్టిందెవరో తేల్చడానికి మధ్యాహ్నం దాకా చూశాం, అప్పటికీ తేలలేదు, ఎందుకంటే అన్ని బిల్లుల మీదా ఒకటే పేరు.

అందుకే కాయ రాకముందే ఈ పని చేసి పెట్టుకోండి. ముందు బ్యాకప్ తీయండి. ట్యాలీ ప్రైమ్‌లో కంపెనీ తెరిచి ఆల్ట్+కె నొక్కి ఆల్టర్‌లోకి వెళ్తే, కంపెనీ డేటాకి యూజర్ యాక్సెస్ కంట్రోల్ చేయాలా అని అడిగే చోట యెస్ పెట్టి, అడ్మిన్ పేరూ పాస్‌వర్డూ ఇవ్వండి. అదే స్క్రీన్‌లో ట్యాలీవాల్ట్ అని ఇంకోటి కనిపిస్తుంది, రెండూ ఒకటే అనుకోకండి. వాల్ట్ డేటా మొత్తాన్ని తాళం వేసేస్తుంది, ఆ పాస్‌వర్డ్ మర్చిపోతే డేటా మీద ఆశ వదులుకోవాల్సిందే. అవసరం లేకపోతే దాని జోలికి పోకండి.

తర్వాత మళ్లీ ఆల్ట్+కె, యూజర్ రోల్స్. రోల్ అంటే ఎవరు ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు అనే జాబితా. అసలు పనంతా ఇక్కడే, కాబట్టి తొందరపడొద్దు. డేటా ఎంట్రీ రోల్‌ని ఆధారంగా తీసుకుని కొత్త రోల్ చేయండి, 'సీజన్ బిల్లింగ్' అనో ఏదో పేరు పెట్టండి. వోచర్లు, అంటే బిల్లుల్లాంటి ఎంట్రీలు, కొట్టొచ్చు, కొట్టినవి మార్చే వీలు మాత్రం వద్దు. బ్యాలెన్స్ షీట్, లాభనష్టాలు కూడా కనిపించకుండా తీసేయండి. వెనకటి తేదీతో ఎన్ని రోజుల దాకా ఎంట్రీ వేయొచ్చు అనే చోట నేను మొదట 1 పెట్టి ఇబ్బంది పడ్డాను. రాత్రి పదకొండుకి కాటా ఎక్కిన లారీ చీటీ ఒక్కోసారి ఎల్లుండి పొద్దునకి గానీ టేబుల్ మీదికి రాదు, అందుకే ఇప్పుడు 2 పెడుతున్నాను.

ఇక యూజర్స్ అండ్ పాస్‌వర్డ్స్‌లో ఒక్కొక్కరినీ చేర్చి ఆ రోల్ ఇవ్వడమే. పేర్లు మాత్రం 'కౌంటర్1', 'కౌంటర్2' అని పెట్టకండి, షిఫ్ట్ మారితే కుర్చీలో మనిషి మారతాడు, మళ్లీ మొదటికొస్తుంది కథ. మనిషి పేరే పెట్టండి. అయ్యాక మీరే ఒకసారి ఆ కుర్రాడి లాగిన్‌తో లోపలికెళ్లి నిన్నటి బిల్లు మార్చడానికి ప్రయత్నించండి. మారిందా, రోల్ సరిగా కుదరలేదన్నమాట.

మీది ప్రైవేట్ లిమిటెడ్ అయితే ఎవరేం మార్చారో రికార్డు ఉంచడం ఇష్టాయిష్టాల సంగతి కాదు. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ రికార్డవ్వాలి, దాన్ని ఆపే వీలు ఉండకూడదు. ట్యాలీలో దానికి ఎడిట్ లాగ్ ఉంది, ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో చూపిస్తుంది. కానీ నలుగురూ ఒకే లాగిన్ వాడుతుంటే అది మాత్రం ఏం చెబుతుంది పాపం.

సీజన్ అయిపోయి కుర్రాళ్లు వెళ్లిపోతారు కదా, జీతం లెక్క చూసిన రోజే పాస్‌వర్డ్ మార్చేయండి. వచ్చే ఏడాది కొత్తవాడికి పాతవాడి పేరు ఇవ్వకండి.

అడ్మిన్ పాస్‌వర్డ్ నాకూ మా ఓనర్‌కీ తప్ప తెలీదు. కాగితం మీద రాసి, కవర్ అంటించి ఆయన బీరువాలో పెట్టాం. మానిటర్ మీద పాత చీటీ పీకేశాను గానీ గమ్ మరక ఇంకా పోలేదు.