మధ్య చుక్కను తగ్గించిన తీరు

632.8 నానోమీటర్ల హీలియం-నియాన్ లేజర్ కిరణాన్ని 8×8 చుక్కలుగా విడదీయడానికి ఫ్యూజ్డ్ సిలికా అనే గాజుపై చెక్కిన రెండు మెట్ల వివర్తన పలకలో (ఎత్తుపల్లాల నమూనాతో కాంతిని వంచి విడదీసే పలకలో), చీకటిగా ఉండవలసిన నడిమధ్యన మిగతావాటికన్నా ఎక్కువ వెలుగుతో ఒక చుక్క కనిపించింది. ఇలాంటప్పుడు డిజైన్‌ను అనుమానించే ముందు లోతు కొలవడమే మేలని నా అభిప్రాయం. సిలికా వక్రీభవన గుణకం 1.457 కనుక, రెండు మెట్ల గుండా నేరుగా వచ్చే కాంతి ఒకదాన్నొకటి రద్దు చేసుకోవడానికి అవసరమైన అర తరంగదైర్ఘ్యపు తేడాకు 692 నానోమీటర్ల లోతు కావాలి. ఉపరితలపు ఎత్తుపల్లాలను కొలిచే ప్రొఫైలోమీటర్ 620 మాత్రమే చూపింది. ఆ కొరత వల్లనే దాదాపు 2.6 శాతం కాంతి వంగకుండా నేరుగా మధ్యకు చేరుతోంది.

అందుచేత కొత్త పలకతో పాటు అదే నమూనా గల చిన్న ముక్కను కూడా ప్లాస్మా ఎచ్చింగ్‌కు (అయనీకృత వాయువుతో చెక్కడానికి) పెట్టి, కావలసిన లోతుకు ముందే ఆపి, ఆ ముక్కపై చెక్కకూడని చోట్లను కప్పి ఉంచే రెసిస్ట్ పూతను తొలగించి లోతు కొలిచి, వచ్చిన వేగాన్ని బట్టి పలకకు మిగిలిన సమయాన్ని లెక్కగట్టాను. ఛాంబర్ స్థితితో పాటు ఎచ్చింగ్ వేగమూ మారుతుంది గనుక పాత వేగాల పట్టికను నమ్మరాదు. ఇప్పుడు మధ్య చుక్క మిగతావాటికన్నా బాగా మసకగా ఉంది.