ఇంట్లో వద్దన్నా మందు మానే మీటింగుకు వెళ్లాలంటే

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగిళ్లలో తాగుడు మానతానంటే ఎవరూ వద్దనరు. మీటింగుకు వెళ్తానంటేనే గొడవ. "నలుగురికీ తెలిస్తే చెల్లికి సంబంధాలెలా వస్తాయి?" అంటారు. "అది చర్చోళ్లది, మతం మార్చేస్తారు" అంటారు. "మాల వేసుకో, అదే పోద్ది" అంటారు.

పరువు భయానికి విరుగుడు దూరం. సొంతూళ్లో మీటింగు ఉన్నా పక్క ఊరిది చూసుకోండి. పర్లాకిమిడి వాళ్లకు బరంపురం, రాయగడ వాళ్లకు రైల్లో విజయనగరం, విశాఖ. ఈ మీటింగులు ఆల్కహాలిక్స్ అనానిమస్‌వి, అంటే తాగుడు మానాలనుకునేవాళ్లు కూర్చుని మాట్లాడుకునే సంఘం. అందరూ ఏఏ అంటారు. 1935లో అమెరికాలో మొదలై, 1957లో మన దేశానికి వచ్చింది. చర్చి గది అద్దెకు దొరికితే అక్కడ, బడి గది దొరికితే అక్కడ కూర్చుంటారు, అంతే. ఏ మతానికీ చెందదు. ఫీజు లేదు. చివర్లో సంచి తిప్పుతారు, కొత్తవాళ్లు వెయ్యక్కర్లేదు. ఇంటిపేరు అడగరు. మాట్లాడమంటే "ఈరోజు వింటాను" అనండి, ఎవరూ ఒత్తిడి చెయ్యరు.

ఒడిశా వైపు మీటింగుల్లో ఒడియా, హిందీ ఎక్కువ వినిపిస్తాయి. తెలుగే కావాలంటే ఆన్‌లైన్ మీటింగు వెతుక్కోండి. జూమ్‌లో చేరేముందు పేరు చూసుకోండి: ఫోన్‌లో పెట్టుకున్న పూర్తి పేరే అందరికీ కనిపిస్తుంది. మొదటి పేరు మాత్రం ఉంచి, కెమెరా ఆపి, ఇయర్‌ఫోన్ పెట్టుకోండి. వాట్సాప్ గ్రూపులో చేరితే డీపీలో పిల్లల ఫొటో తీసెయ్యండి.

ఇంట్లో అనుమతి అడగొద్దు. అడిగితే పంచాయితీ అవుతుంది. "ఆదివారం పొద్దున బరంపురంలో పనుంది, రాత్రి భోజనానికి వచ్చేస్తా" అని చెప్పి, అన్న వేళకు తిరిగి రండి. నాలుగు వారాలు అలా జరిగితే సగం గొడవ దానంతటదే తగ్గుతుంది. కలిసి తాగే బావగారు మాత్రం చివరిదాకా వెటకారం ఆడతాడు, ఆయన్ను ఒప్పించాలని చూడకండి.

మీటింగు గుట్టుగా ఉంచుకోవచ్చు గానీ, మానిన మొదటి నాలుగు రోజులు గుట్టుగా ఉంచకూడదు. రోజూ పొద్దున్నే సారా పడందే చెయ్యి నిలవని మనిషి ఒక్కసారి ఆపితే, చివరి గ్లాసు తర్వాత 6 నుంచి 12 గంటల్లో వణుకు, చెమటలు మొదలవుతాయి. 48 గంటల లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య లేని మనుషులు కనిపించడం, పలవరింతలు. మాల వేసుకున్న మూడో నాడు ఇలా అయితే "స్వామికి కోపం వచ్చింది", "గాలి సోకింది" అని భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్తారు. వెళ్లాల్సింది ఆసుపత్రికి, ఆలస్యమైతే ప్రాణం పోవచ్చు. అందుకే మానకముందే డాక్టరును కలవండి. బరంపురం ఎంకేసీజీ ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. వదినో, అక్కో, ఒక్కరికైనా తేదీ చెప్పి ఉంచండి.

ఇంటికి వచ్చే ఆర్‌ఎంపీ నీరసమని గ్లూకోజు ఎక్కించబోతే ముందు బి1, అంటే థయమిన్, ఇచ్చారా అని అడగండి. అది లేకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడుకే దెబ్బ తగలొచ్చు. ఇంకొకటి: తాగుడు మాన్పించాలని కూరలో తెలియకుండా డైసల్ఫిరామ్ మాత్ర కలిపే ఇళ్లున్నాయి. దాని మీద తాగితే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై బీపీ పడిపోతుంది. చచ్చేంత ప్రమాదం కూడా. గ్లాసు ముట్టగానే అలా అవుతుంటే ఇంట్లో నిలదీసి అడగండి, డాక్టరుకూ చెప్పండి.

మాల మంచిదే, 41 రోజులు నోరు కట్టేస్తుంది. చిక్కల్లా మాల తీసిన రాత్రి. దీక్షలో ఉండగానే మీటింగులు మొదలుపెట్టండి. 42వ రోజు సాయంత్రం వెళ్లడానికి సారా దుకాణం కాకుండా ఇంకో చోటుంటుంది.

ఏ ఊళ్లో ఏముందో తెలియకపోతే 14446కు ఫోన్ చెయ్యండి, మందు మానేవాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఉచిత నంబరు. రాత్రి మనసు నిలవకపోతే 14416, మానసిక సాయానికి ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్. 24 గంటలూ పనిచేస్తుంది, భాష అడిగినప్పుడు తెలుగు ఎంచుకోండి. ఇంట్లోవాళ్లు ఎప్పుడైనా మెత్తబడితే వాళ్లకూ వేరే మీటింగులున్నాయి, అల్-అనాన్ అంటారు. తాగే మనిషి అక్కడికి రాడు గనక అమ్మ మనసు విప్పి మాట్లాడగలదు.