వేసవిలో గయ వెళ్తున్నారా? బుద్ధగయకి విడిగా ఒక ఉదయం ఉంచుకోండి

పిల్లలకి సెలవులు మే, జూన్‌లలోనే కాబట్టి చాలామంది కాశీ, గయ యాత్ర కూడా అప్పుడే పెట్టుకుంటారు. గయలో పిండప్రదానం ముగిసేసరికి మధ్యాహ్నం దాటుతుంది. బుద్ధగయ ఎంత దూరమని, పన్నెండు కిలోమీటర్లే కదా అని అటునుంచి అటే ఆటో ఎక్కేస్తారు. ముందుగా చెప్పేది ఇదే: ఆ పని చేయకండి.

కర్తగా కూర్చున్నవాళ్లు పొద్దుటినుంచి ఏమీ తిని ఉండరు. ఫల్గు ఒడ్డున, విష్ణుపాదం గుడిలో, అక్షయవటం దగ్గర ఎండలో తిరిగి అలసిపోయి ఉంటారు. మా అమ్మానాన్నల్ని నేను అలాగే తీసుకెళ్లాను. మహాబోధి ఆలయం చుట్టూ ఉన్న నేలకంటే పల్లంలో ఉంటుంది. ఆ మెట్లు దిగుతుండగానే అమ్మకి కళ్లు తిరిగాయి. నీడలో కూర్చోబెట్టి తడిబట్ట వేస్తే తేరుకుంది కానీ, బోధివృక్షాన్ని చూడకుండానే వెనక్కి వచ్చాం. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అక్కడి ఎండ మన రామగుండం, రెంటచింతల ఎండలకి తీసిపోదు. 2019 జూన్‌లో వడగాడ్పులకి గయ, ఔరంగాబాద్, నవాదా జిల్లాల్లో ఎంతోమంది చనిపోయారు. గయలో పగటిపూట జనం బయట తిరగకుండా 144 సెక్షన్ పెట్టాల్సి వచ్చింది. అందుకే ఆ రాత్రికి బుద్ధగయలోనే బస చేయండి. గుడి ఉదయం 5 గంటలకే తెరుస్తారు. చల్లగా ఉన్నప్పుడు ప్రదక్షిణ చేసి, చెట్టు కింద కాసేపు కూర్చుని, ముచిలింద సరస్సు, ధ్యానవనం చూసుకుని తొమ్మిదింటికల్లా గదికి చేరుకోవచ్చు. చెప్పులు బయటే వదలాలి కాబట్టి, ఆలస్యమైతే రాళ్ల మీద అరికాళ్లు కాలిపోతాయి. పెద్దవాళ్లకి మందపాటి నూలు సాక్సులు తెచ్చుకోండి.

షుగర్ మాత్రలో, ఇన్సులినో వాడేవాళ్లు ఉపవాసం రోజు డోసు సంగతి ఊరు కదలకముందే డాక్టర్‌ని అడగాలి. ఖాళీ కడుపుతో మామూలు డోసు వేసుకుంటే షుగర్ పడిపోవచ్చు. ఓఆర్‌ఎస్ పొట్లాలు సంచిలో ఉండాలి. అక్కడ దొరికే సత్తు షర్బత్, అంటే వేయించిన శనగపిండి కలిపిన నీళ్లు, ఎండకి చాలా మంచిది. శుభ్రమైన నీళ్లతో చేశారో లేదో చూసి తాగండి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే అది మామూలు నీరసం కాదు, వడదెబ్బ. వెంటనే నీడకి చేర్చి, ఒంటిని తడిపి విసరండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి. 112కి ఫోన్ చేయండి.

ఫోన్ అంటే గుర్తొచ్చింది. 2013 జూలైలో అక్కడ బాంబులు పేలాక భద్రత చాలా పెంచారు. ఫోన్లు లోపలికి తీసుకెళ్లనివ్వరు, బయట కౌంటర్లో ఇవ్వాలి. లోపల ఎవరైనా తప్పిపోతే టెన్షన్ అంతా ఇంతా కాదు. అందుకే ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోండి. హోటల్ పేరు, డ్రైవర్ నంబరు కాగితం మీద రాసి అమ్మమ్మ, తాతయ్యల జేబులో, కొంగులో పెట్టండి. హిందీ రాని పెద్దవాళ్లకి ఆ కాగితమే ఆధారం.

చెట్టు ఆకులు కోయకూడదు. రాలిన ఆకు దొరికితే తెచ్చుకోండి. సాష్టాంగ నమస్కారాలు చేస్తున్న భిక్షువులకి అడ్డంగా నడవకండి.

సిద్ధార్థుడికి సుజాత పాయసం పెట్టిన ఊరు నిరంజన నదికి ఆవలి ఒడ్డున ఉంది. వేసవిలో నది ఎండి ఇసుక మేటలా కనిపిస్తుంది కాబట్టి నడిచి దాటేద్దాం అనిపిస్తుంది. ఎండెక్కాక ఆ ఇసుక నిప్పే. జూన్ రెండో సగంలో వానలు మొదలయ్యాక ఇంకో భయం. ఎగువన జార్ఖండ్ కొండల్లో వాన పడితే, ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉన్నా నీళ్లు వచ్చేయవచ్చు. వంతెన మీదుగానే వెళ్లండి, పిల్లల్ని నదిలోకి దిగనివ్వకండి.