ఈసీజీ గీత మీది 50 హెర్ట్జ్ అలలు

నల్లగొండలోని మా కళాశాల ప్రయోగశాలలో ఈసీజీ (గుండె విద్యుత్ సంకేతాల గీత) నమోదు చేసిన ప్రతిసారీ, గోడ సాకెట్లలోని కరెంటు లాగే సెకనుకు 50 సార్లు ఊగే సన్నని అలలు గీతంతా పరుచుకొని, ప్రతి గుండె స్పందన మొదట్లో వచ్చే, అసలే చిన్నదైన పి తరంగాన్ని మింగివేసేవి. మొదట ఆ ఒక్క పౌనఃపున్యాన్నే తీసివేసే నాచ్ ఫిల్టర్ పెట్టాను. అలలు తగ్గాయి గాని, పి తరంగం తరువాత నిట్టనిలువుగా లేచే క్యూఆర్ఎస్ శిఖరం వెనుక గుండెకు సంబంధం లేని కంపనాలు పుట్టాయి కనుక దానిని తీసివేసి మూలాన్నే వెతికాను.

ల్యాప్‌టాప్ చార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపితే కొంత తగ్గింది. సంకేతాన్ని పెంచే యాంప్లిఫయర్, దానిని తెరపై చూపే ఆసిలోస్కోపు వేర్వేరు గోడ సాకెట్లలో ఉన్నందువల్ల వాటి ఎర్త్ తీగలు, సిగ్నల్ కేబుల్ లోహపు తొడుగు కలిసి ఒక వలయంగా మారి, కరెంటు అలలను సిగ్నల్‌లోకి తెస్తున్నాయి. రెండింటినీ ఒకే బోర్డుకు కలిపాక చాలావరకు పోయింది. ఎలక్ట్రోడ్ తీగలను మెలివేసి, చర్మాన్ని స్పిరిటుతో తుడిచి, జెల్ ఆరిపోయిన ఎలక్ట్రోడ్లను (మా ఎండలకు అవి ఎన్నాళ్లు ఆగుతాయి?) మార్చిన తరువాత పి తరంగం స్పష్టంగా కనిపించింది. మిగిలిన కాస్త అల బల్ల మీది ట్యూబ్‌లైటుది; నమోదు చేసేటప్పుడు దానిని ఆర్పివేస్తున్నాము.