కమ్యూనిటీ సింఫనీ ఆర్కెస్ట్రాలో అందరికీ చోటు కల్పించడం ఎలా?

అమెరికా పట్టణాలలోని కమ్యూనిటీ సింఫనీ ఆర్కెస్ట్రాలలో, అంటే పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వాయించే ఊరి వాద్యబృందాలలో, ఎక్కువమంది పగలు వేరే ఉద్యోగాలు చేసుకుంటూ, వారానికొక సాయంత్రం ఏ హైస్కూలు హాలులోనో చర్చిలోనో జీతం లేకుండా వాయించేవారే. ఇటువంటి బృందంలో అన్ని వర్గాలవారికీ చోటివ్వాలని బోర్డు తీర్మానించినప్పుడు సాధారణంగా మొదట వెలువడేది వెబ్‌సైటు కోసం రాసిన ఒక ప్రకటన. దానిని వాయిదా వేసి, గత మూడు నాలుగేళ్ళలో చేరిన వాద్యకారులు ఏ దారిన లోపలికి వచ్చారో ముందుగా రాసి చూడండి.

చాలాచోట్ల ఆ దారి ఒక్కటే. కచేరీకి వారం ముందు హార్న్ వాయించేవారికి జబ్బు చేస్తుంది, ఆ విభాగం పెద్ద తన పాత విద్యార్థికి ఫోన్ చేస్తారు, అలా వచ్చినవారు తర్వాతి సీజన్‌కు సభ్యులైపోతారు. 1969లో బాస్ వాద్యకారుడు ఆర్ట్ డేవిస్, సెల్లో వాద్యకారుడు ఎర్ల్ మాడిసన్ అనే ఇద్దరు నల్లజాతి కళాకారులు న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌పై నగర మానవహక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేసినప్పుడు, శాశ్వత సభ్యుల ఎంపికలో వివక్ష రుజువు కాలేదని, తాత్కాలికంగా పిలిచే వాద్యకారుల విషయంలో మాత్రం అది జరిగిందని కమిషన్ తేల్చింది. జీతాలిచ్చే పెద్ద బృందంలోనే అలా జరిగితే, పరిచయాల మీదే నడిచే ఊరి బృందం గురించి చెప్పనక్కరలేదు. కనుక సబ్‌ల, అంటే రాలేనివారి బదులు వాయించేవారి, జాబితాను ఏ ఒక్కరి ఫోనులోనో వదిలేయకుండా, వాద్యకారుల వ్యవహారాలు చూసే పర్సనెల్ మేనేజర్ వద్ద రాతపూర్వకంగా ఉంచి, ఎవరైనా పేరు నమోదు చేసుకునే వీలు కల్పించి, వరుస ప్రకారం పిలవండి.

వాయించేది ఎవరో నిర్ణేతలకు కనబడకుండా ఆడిషన్‌లో తెర కట్టే పద్ధతిని బోస్టన్ సింఫనీ 1952లోనే ప్రయోగించింది. మీరూ కట్టవచ్చు, అయితే పేరుకు బదులు సంఖ్య ఇవ్వాలి, అడుగుల చప్పుడు వినబడకుండా తివాచీ పరవాలి, అభ్యర్థి సందేహాలను మరొకరి ద్వారా అడిగించాలి, నిర్ణేతలు చర్చకు ముందే ఎవరికి వారు మార్కులు రాసివ్వాలి. వాయించవలసిన భాగాలను, వాటి వేగాన్ని రెండు నెలల ముందే అందరికీ ప్రకటించడం వీటన్నిటికన్నా ముఖ్యమని నా అభిప్రాయం, ఎందుకంటే ప్రైవేటుగా నేర్పే గురువు లేనివారికి లోపల ఏమి అడుగుతారో తెలిసే అవకాశం లేదు. అయినా తెర పని గుమ్మం దాకానే. 1980లో మ్యూనిక్ ఫిల్‌హార్మోనిక్ తెర వెనుక విని ఎంపిక చేసిన ట్రాంబోన్ వాద్యకారిణి ఏబీ కోనంట్‌ను కొద్దికాలానికే ప్రధాన స్థానం నుంచి రెండో స్థానానికి దించగా, ఆమె ఏళ్ళతరబడి కోర్టులలో పోరాడవలసి వచ్చింది. ముందు కుర్చీ ఎవరికి, ఎంతకాలానికి అన్న నియమం కూడా కాగితం మీద ఉండాలి.

అసలు ఆడిషన్ అవసరమా అన్నది వేరే ప్రశ్న. మానసిక అనారోగ్యం ఉన్నవారి కోసం కండక్టర్ రోనల్డ్ బ్రౌన్‌స్టీన్ 2011లో వెర్మాంట్‌లో ప్రారంభించిన ఆర్కెస్ట్రాలో ఆడిషన్ లేదు. రెండో వయొలిన్లలో ఒకరిద్దరు తడబడినా బృందం మోస్తుంది, ఒక్కొక్కరు ఒక్కో భాగం వాయించే ఓబో వంటి గాలి వాద్యాల విషయంలో అది కుదరదు. తీగవాద్యాలకు తలుపు తెరిచి ఉంచి, గాలి వాద్యాలకు మాత్రమే ఆడిషన్ పెట్టడం మధ్యేమార్గం.

చేరినవారు నిలవాలంటే చిన్న ఏర్పాట్లు చూడాలి. రాత్రి తొమ్మిదిన్నర తర్వాత బస్సు దొరకని చోట రిహార్సల్ పెట్టవద్దు. చందా కట్టలేనివారికి ఎవరినీ అడగకుండానే మినహాయింపు ఉండాలి, వేదికకు ర్యాంపు ఉండాలి, చూపు తక్కువైనవారికి పెద్ద అక్షరాల స్వరపత్రాలు ముందే అందాలి. దుస్తుల నియమం "పూర్తి నలుపు" అని ఆగిపోతే చీర, కుర్తా, హిజాబ్ అన్నీ అందులో ఇముడుతాయి. క్రిస్మస్ నాడు రిహార్సల్ పెట్టాలన్న ఆలోచనే రాని బోర్డు యూదుల యోమ్ కిప్పుర్, ఈద్, దీపావళి తేదీలను కూడా క్యాలెండరులో గుర్తించాలి. స్కూలు ఆర్కెస్ట్రాలో వయొలిన్, సెల్లో నేర్చిన తెలుగు పిల్లలు డల్లాస్‌లో, న్యూజెర్సీలో ఎందరో ఉన్నారు, పెద్దయ్యాక వారు వాద్యం పక్కన పెట్టేయకూడదంటే ఇవి పట్టించుకోవాలి.

కార్యక్రమంలో ఏమి వాయిస్తారన్నది డబ్బుతో ముడిపడిన విషయం. బీథోవెన్ స్వరపత్రాలు కాపీరైటు లేనివి కనుక ఉచితంగా దొరుకుతాయి, నల్లజాతి అమెరికన్ స్వరకర్త ఫ్లోరెన్స్ ప్రైస్ ఆర్కెస్ట్రా రచనల స్వరపత్రాలకు సాధారణంగా ప్రచురణకర్తకు అద్దె చెల్లించాల్సి వస్తుంది. ఆ పద్దును సీజన్ బడ్జెట్‌లో ముందే రాయకపోతే ఆమె పేరు చర్చ దాటదు. 1933 జూన్‌లో షికాగో సింఫనీ వాయించిన ఆమె మొదటి సింఫనీని, అందులోని జూబా అనే నల్లజాతి జానపద నృత్య భాగంతో సహా, చెక్ స్వరకర్త ద్వోర్జాక్ తొమ్మిదో సింఫనీకి జతగా అక్టోబరులో పెట్టండి. నల్లజాతి చరిత్ర మాసమని ఫిబ్రవరికే పరిమితం చేస్తే శ్రోతలు దానిని సంవత్సరానికొక మర్యాదగానే చూస్తారు. ఏమి వాయించాలో నిర్ణయించే ఎంపిక సంఘంలో చివరి వరుస వాద్యకారులు కూడా ఉండాలి.

సీజన్ ముగిశాక, మధ్యలో మానేసినవారికి ఫోన్ చేసి కారణం అడగండి. అడిగేది కండక్టర్ కాకూడదు, ఆయనకు ఎవరూ నిజం చెప్పరు.