ఆడియో ఫైల్‌ని రంగుల వేవ్‌ఫామ్ బొమ్మగా మార్చే సాఫ్ట్‌వేర్ మనమే రాసుకుందాం

కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో ఫోన్ పెట్టి రెండు గంటలు రికార్డ్ చేశారనుకోండి. ఇంటికొచ్చాక అందులో సన్నాయి ఎక్కడ మొదలైంది, డప్పులు ఎక్కడ ఊపందుకున్నాయి, ఏకాదశ రుద్రుల ప్రభలు కాలవ దాటేటప్పటి అరుపులు ఎక్కడున్నాయి అని వెతకాలంటే మళ్లీ రెండు గంటలు కూర్చుని వినాల్సిందే. మామూలు వేవ్‌ఫామ్ బొమ్మ, అంటే శబ్దం ఎత్తుపల్లాల్ని చూపే గీత, కొంత సాయం చేస్తుంది గానీ అది ఎంత గట్టిగా మోగిందో మాత్రమే చెబుతుంది, ఏం మోగిందో చెప్పదు. అదే గీతకి శబ్దం స్వభావాన్ని బట్టి రంగు వేస్తే బొమ్మ చూసి నేరుగా ఆ చోటికి వెళ్లి వినొచ్చు. కోనసీమలో పాటలు, జాతర్లు, పెద్దవాళ్ల మాటలు ఫోన్లలో దాచుకుంటున్నవాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్లకి ఇలాంటి పనిముట్టు నిజంగా కావాలి. కాస్త పైథాన్ వచ్చినవాళ్లెవరైనా రాయొచ్చు.

ముందు ఇప్పటికే ఉన్నవి చూడండి. ఆడియో, వీడియో ఫైళ్లని విప్పి మార్చే ఉచిత ప్రోగ్రామ్ ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో షోవేవ్స్‌పిక్ అనే ఫిల్టర్ ఒక్క కమాండ్‌తో వేవ్‌ఫామ్ బొమ్మ ఇస్తుంది. బీబీసీ వాళ్ల ఆడియోవేవ్‌ఫామ్ సీ ప్లస్ ప్లస్‌లో రాసిన ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్, చాలా వేగంగా పనిచేస్తుంది. బార్సిలోనాలోని పాంపెయు ఫాబ్రా యూనివర్సిటీ 2005లో మొదలుపెట్టిన ఫ్రీసౌండ్‌లో ప్రతి శబ్దం పక్కనా రంగుల వేవ్‌ఫామ్ కనిపిస్తుంది, దాని కోడ్ కూడా అందరికీ తెరిచే ఉంది. డీజేల కోసం ఉన్న మిక్స్ (Mixxx) అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ కూడా పాటని రంగుల్లో చూపిస్తుంది. ఇవన్నీ ఉండగా మళ్లీ ఎందుకంటే, గంటల కొద్దీ సాగే గోల రికార్డింగ్‌లకీ, బొమ్మ మీద తెలుగులో పేరు రావడానికీ సరిపడేది నాకు వీటిలో దొరకలేదు. పైగా ఇది రాస్తే ఆడియో అంటే ఏమిటో మీకు అర్థమైపోతుంది.

కావాల్సినవి నాలుగే: పైథాన్, లెక్కలకి నంపై, బొమ్మ గీయడానికి పిల్లో, ఫైళ్లు విప్పడానికి ఎఫ్ఎఫ్ఎంపెగ్. పైథాన్‌తో వచ్చే వేవ్ మాడ్యూల్ వేవ్ ఫైళ్లనే చదువుతుంది, మనవాళ్లు పంపేవేమో వాట్సాప్ వాయిస్ నోట్లూ, ఫోన్ రికార్డర్ ఇచ్చే ఎం4ఏలూ. అందుకని ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ని వేరే ప్రాసెస్‌గా నడిపి, ఏ ఫైల్ ఇచ్చినా అది విప్పిన శాంపిళ్లని, అంటే సెకనుకి వేలసార్లు కొలిచిన శబ్దం విలువల్ని, 32 బిట్ల ఫ్లోట్‌గా (దశాంశ సంఖ్యలుగా) పైపులోంచి తీసుకోవడం మేలు. ఫ్లోట్ అని ఊరికే అనట్లేదు. 16 బిట్ల పూర్ణాంకాల్లో విలువలు -32768 నుంచి 32767 దాకా ఉంటాయి, నంపైలో ఆ -32768కి పాజిటివ్ విలువ తీయమంటే మళ్లీ -32768 నే ఇస్తుంది, ఎందుకంటే 32768 ఆ పెట్టెలో పట్టదు. బాగా గట్టిగా మోగిన చోటే బొమ్మ తలకిందులవుతుంది, కారణం మాత్రం ఎంత వెతికినా చప్పున దొరకదు.

శాంపిల్ రేట్, అంటే సెకనుకి ఎన్ని శాంపిళ్లో, 44100 అని కోడ్‌లో ఎక్కడా రాసేయకండి. వాట్సాప్ వాయిస్ నోట్లు ఓపస్ రకం, విప్పితే మామూలుగా 48000 వస్తుంది. ఫైల్‌ని అడిగి తెలుసుకోండి, లేదా ఎఫ్ఎఫ్ఎంపెగ్‌నే అన్నింటినీ 44100కి మార్చి ఇమ్మనండి. నేను రెండోదే చేస్తాను, తర్వాత లెక్కలన్నీ తేలికవుతాయి.

ఇక బొమ్మ. వెడల్పు 1800 పిక్సెళ్లు అనుకుందాం. మూడు నిమిషాల పాటలో 79,38,000 శాంపిళ్లు ఉంటాయి, అంటే ఒక్కో నిలువు గీతకి 4,410. ఆ 4,410లో అన్నిటికన్నా పెద్దదీ అన్నిటికన్నా చిన్నదీ తీసుకుని వాటి మధ్య గీత గీస్తే వేవ్‌ఫామ్ వచ్చేసినట్టే. సగటు తీయకండి, పైకీ కిందకీ ఊగే తరంగం సగటు సున్నా దగ్గరే ఉంటుంది. ప్రతి ఫైల్లోనూ శాంపిళ్లు 1800తో ఇలా సరిగ్గా భాగించబడవు కాబట్టి, గీత నంబర్‌ని మొత్తం శాంపిళ్లతో గుణించి 1800తో భాగించి, ప్రతి గీత మొదలునీ విడిగా లెక్కకట్టండి. ఒక్కసారి భాగించిన ముక్క పొడవునే వాడుకుంటూ పోతే పెద్ద ఫైల్లో చివరి కొన్ని శాంపిళ్లు బొమ్మలోకి రాకుండా పోతాయి. స్టీరియో అయితే ఎడమా కుడీ కలిపి సగటు తీయడం కన్నా రెండిట్లో ఏది పెద్దదైతే అది తీసుకోవడం మంచిది, రెండు చానెళ్లూ ఎదురెదురుగా ఊగితే సగటులో శబ్దమే మాయమైపోతుంది.

అసలు సంగతంతా రంగు దగ్గరే ఉంది.

బాగా వాడుకలో ఉన్న పద్ధతుల్లో ఒకటి స్పెక్ట్రల్ సెంట్రాయిడ్. ఒక చిన్న ముక్క తీసుకుని ఎఫ్ఎఫ్‌టీ అనే లెక్క (నంపైలో ఉంటుంది) చేస్తే అందులో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత బలంగా ఉందో తెలుస్తుంది. ప్రతి ఫ్రీక్వెన్సీనీ దాని బలంతో గుణించి కూడి, ఆ మొత్తాన్ని బలాల మొత్తంతో భాగిస్తే ఒకే ఒక్క సంఖ్య వస్తుంది, అదే సెంట్రాయిడ్. కావడిలో ఒకవైపు బరువు పెరిగితే బద్ద భుజం మీద ఆనే చోటు అటు జరిగినట్టు, పై ఫ్రీక్వెన్సీలు బలంగా ఉంటే ఈ సంఖ్య పైకి జరుగుతుంది. కోటిపల్లి నుంచి ముక్తేశ్వరం వెళ్లే పంటు ఇంజన్ మోత అయితే కిందకి, సన్నాయి అయితే పైకి. ముక్క పొడవు 2048 శాంపిళ్లు చాలు, 44100 దగ్గర అది దాదాపు 46 మిల్లీసెకన్లు, ఫ్రీక్వెన్సీ గడులు 21.5 హెర్ట్జ్ దూరంలో వస్తాయి. ఎఫ్ఎఫ్‌టీకి ముందు ముక్కని హాన్ విండోతో, అంటే మధ్యలో ఎత్తుగా ఉండి అంచుల్లో సున్నాకి దిగే గుణకాల వరసతో, గుణించడం మర్చిపోవద్దు, లేకపోతే ముక్క అంచుల్లో తెగిన చోట పుట్టే దొంగ ఫ్రీక్వెన్సీలు రంగుని పాడుచేస్తాయి.

ఆ సంఖ్యని రంగుగా మార్చేటప్పుడు లాగరిథమ్ వాడండి. కింది హద్దు 100 హెర్ట్జ్, పై హద్దు 10000 అనుకుంటే, 1000 హెర్ట్జ్ సెంట్రాయిడ్ మామూలు లెక్కలో 0.09 దగ్గర పడుతుంది, లాగ్‌లో సరిగ్గా 0.5 దగ్గర. మన చెవి వినే తీరుకి రెండోదే దగ్గర. మొదటి లెక్కతో చేస్తే మాటలూ పాటలూ అన్నీ ఒకే రంగులో ఇరుక్కుపోతాయి, హద్దు దాటినవాటిని హద్దు దగ్గరే ఆపేయండి.

గోదారి గట్టు మీద రికార్డ్ చేసేవాళ్లకి ఒక మాట. మైకుకి గాలి కొడితే పుట్టే గుడగుడ అంతా అడుగు ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది, ఇంట్లో అయితే కరెంట్ వల్ల వచ్చే 50 హెర్ట్జ్ హమ్ ఉంటుంది. ఇవి సెంట్రాయిడ్‌ని కిందకి లాగేస్తాయి. రంగు లెక్కలో 80 హెర్ట్జ్ కిందున్న గడుల్ని వదిలేయండి, ఎత్తు లెక్క మాత్రం అలాగే ఉంచండి.

పెద్ద ఫైళ్ల దగ్గర కొన్ని ప్రోగ్రామ్‌లు మోసం చేస్తాయి. గంట ఆడియోలో ఒక్కో గీతకి 88,200 శాంపిళ్లు, అంటే రెండు సెకన్లు. గీత మధ్యలో ఒక్క 46 మిల్లీసెకన్ల ముక్క తీసి దాని రంగే రెండు సెకన్లకీ పూసేస్తే, డప్పు దెబ్బకీ దెబ్బకీ మధ్యనున్న ఖాళీ రంగు వచ్చి కూర్చోవచ్చు. దానికన్నా ఫైల్ మొత్తాన్నీ 2048 చొప్పున వరసగా చదువుతూ, ప్రతి ముక్కకీ నాలుగు సంఖ్యలు దాచండి: పెద్దది, చిన్నది, సెంట్రాయిడ్ భాగహారంలో పైది, కిందది. చివర్లో ఒక గీతలోకి వచ్చే ముక్కల పైవి పైవి కూడి, కిందవి కిందవి కూడి, అప్పుడు భాగించండి. గట్టిగా మోగిన ముక్కకే ఎక్కువ విలువ దక్కుతుంది, గీత ఎత్తూ దాని రంగూ ఒకే శబ్దం గురించి చెబుతాయి. మెమరీ సంగతి కూడా తేలిపోతుంది. గంట మోనో ఆడియోని నంపై 64 బిట్ల ఫ్లోట్లలో మొత్తం ఎక్కిస్తే దాదాపు 1.27 జీబీ తింటుంది, కాలేజీ ల్యాప్‌టాప్‌లో అది టెన్షనే. ఈ పద్ధతిలో దాదాపు 77,500 ముక్కలు, ముక్కకి నాలుగు సంఖ్యలు, 32 బిట్ల ఫ్లోట్లలో దాస్తే ఎంబీ పైచిలుకు. వాటిని ఫైల్లో దాచుకుంటే అదే రికార్డింగ్‌ని వేరే వెడల్పులో, వేరే రంగుల్లో మళ్లీ గీయడానికి ఆడియో ముట్టుకోనక్కర్లేదు. దాదాపు 84 సెకన్ల కన్నా చిన్న ఫైళ్లలో గీత కన్నా ముక్కే పెద్దదవుతుంది కాబట్టి, వాటిని మొత్తం ఎక్కించేసి ప్రతి గీత మధ్యనా ఒక ముక్క తీసుకుంటే సరి.

నిశ్శబ్దంతో జాగ్రత్త. పూర్తి సున్నాలుంటే సున్నాతో భాగించాల్సి వస్తుంది. దాదాపు నిశ్శబ్దంగా ఉన్న చోట మైకు సొంత హిస్ వల్ల సెంట్రాయిడ్ బాగా పైకెళ్లి, ఏమీ లేని చోట మెరిసే రంగు వస్తుంది. -60 డెసిబెల్స్ కింద, అంటే పూర్తి ఎత్తులో వెయ్యో వంతు కింద, ఏదున్నా బూడిద రంగు వేసేయండి.

సెంట్రాయిడ్‌కి ఒక నిజమైన లోపం ఉంది. డోలు, తాళాలు ఒకేసారి మోగితే అడుగునా పైనా బరువుండి సంఖ్య మధ్యలో వచ్చి ఆగుతుంది, మధ్య ఫ్రీక్వెన్సీలో ఏదో మోగినట్టు బొమ్మ చెబుతుంది. అలాంటి రికార్డింగ్‌లకి మూడు పట్టీల పద్ధతి మెరుగు: 200 హెర్ట్జ్ దాకా ఉన్న బలం ఎరుపు, 200 నుంచి 2000 దాకా ఆకుపచ్చ, ఆ పైన నీలం. తీర్థాలకీ గరగలకీ ఇది, మాటలకీ ఒంటరి పాటలకీ సెంట్రాయిడ్, రెండూ ఆప్షన్లుగా పెట్టండి. పట్టీల పద్ధతిలో ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లకి, ముఖ్యంగా మగవాళ్లలో వాళ్లు తక్కువేం కాదు, బొమ్మ సగం చెబుతుంది. అందుకే డిఫాల్ట్‌గా సెంట్రాయిడే ఉంచమంటాను, దానికి ఇంద్రధనుస్సు రంగులు కాకుండా చీకటి నుంచి వెలుగుకి క్రమంగా పెరిగే విరిడిస్ లాంటివి వాడమంటాను. ఐదు మెట్లు ఇవి, ఒక్కోదానికీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు వరసగా: (68, 1, 84), (59, 82, 139), (33, 145, 140), (94, 201, 98), (253, 231, 37). మెట్ల మధ్య రంగులు కలుపుకుంటూ పోవాలి. నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద మొదటి ఊదా కనపడదు, అక్కడ రెండో మెట్టు నుంచి మొదలుపెట్టండి.

బొమ్మ మీద ఊరి పేరు తెలుగులో రాయాలంటే పిల్లోకి అక్షరాల ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చే రాఖ్మ్ (Raqm) లైబ్రరీ తోడు ఉండాలి. అది లేకపోతే ఒత్తులు విడిపోయి "ముక్తేశ్వరం" చదవలేనట్టు వస్తుంది. ప్రోగ్రామ్ మొదట్లోనే రాఖ్మ్ ఉందో లేదో అడిగి, లేకపోతే తప్పు అక్షరాలు గీయకుండా పేరే వదిలేసి ఆ సంగతి చెప్పేలా చేయండి. ఫాంట్‌గా నోటో సాన్స్ తెలుగు బాగుంటుంది, దాన్ని మీ ప్రోగ్రామ్‌తో కలిపి ఇవ్వడానికి లైసెన్స్ ఒప్పుకుంటుంది.

టెస్టులకి జనం గొంతులు వాడకండి. ఎవరి అమ్మమ్మ పాటో కోడ్ దాచే రిపోజిటరీలో పెట్టేస్తే, తర్వాత తీసేసినా మార్పులన్నీ గుర్తుపెట్టుకునే గిట్ చరిత్రలో ఉండిపోతుంది. శబ్దాల్ని కోడ్‌తోనే పుట్టించండి. 1000 హెర్ట్జ్ సైన్ తరంగం ఇస్తే సెంట్రాయిడ్ 1000 దగ్గర రావాలి, వైట్ నాయిస్ ఇస్తే 11025 దగ్గర, సున్నాలు ఇస్తే బూడిద రంగు. ఒకే ఒక్క శాంపిల్ ఉన్న ఫైల్, ఖాళీ ఫైల్ కూడా ఇచ్చి చూడండి.

లైసెన్స్ మొదటి రోజే పెట్టండి, లైసెన్స్ లేని కోడ్‌ని ఎవరూ చట్టప్రకారం వాడుకోలేరు. ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చంటే ఎంఐటీ, మార్చి పంచేవాళ్లు కోడ్ కూడా ఇవ్వాలంటే జీపీఎల్. వేరేవాళ్ల జీపీఎల్ కోడ్ ముక్క మీ దాంట్లో కలిపితే మీ ఇష్టం అక్కడితో అయిపోయినట్టే, అందుకని చదివి నేర్చుకోవడం వేరు, కాపీ చేయడం వేరు అని గుర్తుపెట్టుకోండి. రీడ్‌మీ తెలుగులోనూ రాయండి, ఎఫ్ఎఫ్ఎంపెగ్ విండోస్‌లో ఎలా పెట్టుకోవాలో కూడా అందులోనే చెప్పండి, భీమవరంలోనో అమలాపురంలోనో చదువుకునే కుర్రాళ్లు ఆగిపోయేది చాలాసార్లు అక్కడే. కొత్తగా చేరేవాళ్లకి కొత్త రంగుల వరస చేర్చడం లాంటి చిన్న పని ఇవ్వండి. తప్పు రిపోర్ట్ చేసేవాళ్లని ఆడియో అడగొద్దు, ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో పాటే వచ్చే ఎఫ్ఎఫ్‌ప్రోబ్ ఆ ఫైల్ గురించి చెప్పే వివరాలు చాలు.

ఇంకొకటి, చాలామంది వదిలేస్తారు. రేపు మీరు రంగుల హద్దులు మారిస్తే పాత బొమ్మనీ కొత్త బొమ్మనీ పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు. బొమ్మ దాచే పీఎన్‌జీ ఫైల్లో రాత దాచుకునే చోటు ఉంది, అందులో ఐటెక్స్ట్ (iTXt) రకం తెలుగు అక్షరాల్ని కూడా తీసుకుంటుంది. ప్రోగ్రామ్ వెర్షన్, ఏ పద్ధతి, ఏ రంగులు, ఎన్ని హెర్ట్జ్ నుంచి ఎన్ని హెర్ట్జ్ దాకా, రికార్డ్ చేసిన ఊరు, తేదీ, ఇవన్నీ మొదటి వెర్షన్ నుంచే అక్కడ రాయించండి.